ఒంటి నరం, రాత్రి దారి

జముకు చూడ్డానికి చాలా చిన్న వాద్యం. ఒక పక్క తోలు మూసిన డొల్ల, ఆ తోలు మధ్యలోంచి వచ్చే ఒకే ఒక నరం, దాని కొసన పట్టుకోడానికి చిన్న పుల్ల. డొల్లని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో నరాన్ని లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకెక్కుతుంది, వదిలితే మూలుగుతుంది. మెట్లూ లేవు, గుర్తులూ లేవు. మిసిసిపీ ప్రాంతపు నల్లజాతి పిల్లలు గుడిసె గోడకి ఒక్క తీగ బిగించి వాయించేవారనీ, ఎందరో బ్లూస్ గిటారిస్టులకి తొలి వాద్యం అదేననీ చదివినప్పుడు నాకు మా ఉద్దానం జముకే గుర్తొచ్చింది.

వాద్యం నేర్చుకోవడం ఒక ఎత్తు, దానితో బతకడం ఒక ఎత్తు. పలాస, టెక్కలి వైపు ఊళ్లలో గ్రామదేవత సంబరాలకి కథ చెప్పించేవారు. రాత్రి భోజనాలయ్యాక మొదలైన ఎల్లమ్మ కథ తెల్లారేదాకా సాగేది. కథకుడు, పక్కన వంతలు. మర్నాడు ఇంకో ఊరు. అంటే ఈ వృత్తికి పెట్టుబడి రెండే: దారి, రాత్రి. ఆడవాళ్లకి జముకుని ఎవరూ ప్రత్యేకంగా నిషేధించనక్కర్లేదు. ఆ రెండూ అందకుండా చేస్తే చాలు. అందుకే కథ ఎల్లమ్మదైనా చెప్పేది చాలావరకు మగవాళ్లే.

బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ కథారూపాన్ని తీసుకుని రైతుకూలీల ముందు వాళ్ల బతుకునే పాడాడు. ఒరియా ఇంటి బిడ్డ, పాట మాత్రం తెలుగు. ఆ ప్రాంతంలోనే 1968 నవంబరులో గరుడభద్ర దగ్గర, పంచాది నిర్మలతో కలిసి వెళ్తున్న స్త్రీల మీద భూస్వామి మనుషులు దాడి చేశారు. శ్రీకాకుళ పోరాటం మలుపు తిరగడానికి అదొక కారణమని చరిత్రకారులు రాశారు. నిజమే. నాకు మాత్రం అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది: ఆడవాళ్లు గుంపుగా దారిన నడవడమే అక్కడ కయ్యానికి కాలు దువ్వడం. 1969 డిసెంబరులో పాణిగ్రాహినీ నిర్మలనీ పోలీసులు చంపేశారు. తర్వాతి రాతల్లో ఆయన కవి, కళాకారుడు. ఆమె చాలాచోట్ల ముందుగా కృష్ణమూర్తి భార్య.

మెంఫిస్ మిన్నీ చిన్నతనంలోనే ఇల్లు వదిలి వీధుల్లో గిటార్ వాయించింది. 1929లో భర్తతో కలిసి ఆమె రికార్డు చేసిన వరద పాటని 1971లో లెడ్ జెప్లిన్ వాళ్లు రాక్ పాటగా మార్చారు. కుర్రకారుకి తెలిసింది ఆ రెండోదే. మన దగ్గర వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ పాట కట్టాడు. ఆయన కూతురు ఉష కూడా గాయనిగా వేదికలెక్కింది. తండ్రి పక్కనుంటే దారి కొంత తెరుచుకుంటుందేమో.

మా పెద్దమ్మకి అలాంటి తండ్రి లేడు. పలాసలో జీడి పిక్కలు కొట్టేది. జీడి సొనకి వేళ్ల కొసలు నల్లబడి, తోలు ఊడి, మళ్లీ వచ్చేది. ఎల్లమ్మ కథ మొత్తం ఆమెకి కంఠతా వచ్చు. పని చేస్తూ పిక్క కొట్టే దెబ్బనే తాళంగా చేసుకునేది, మేస్త్రీ వస్తే ఆపేసేది.

"నువ్వే కథ చెప్పొచ్చు కదా పెద్దమ్మా?" అని అడిగాను.

"రాత్రంతా నేను ఊళ్లు తిరిగితే మీ పెద్దనాన్నకి కూడెవరొండుతారే, నువ్వా?" అని నవ్వింది.

కిందటేడు ఫోన్ ముందు పెట్టి పాడమంటే నాలుగు చరణాలు పాడి ఆపేసింది. మరిచిపోయిందనుకున్నాను. కాదట. వంత లేకుండా కథ నడవదట.

"ఊరికే వింటావేటే, వంత పట్టు" అంది.

పట్టాను. ఆ రికార్డింగులో ఆమె స్వరం పక్కన నా అపశ్రుతి గంటన్నరసేపు ఉంది. మధ్యలో రెండుచోట్ల పెద్దనాన్న టీ అడుగుతాడు. ఆమె వినిపించుకోదు.