పల్లి పోయి నగరం వచ్చె

బాగేపల్లి బస్టాండు పక్క అంగట్లో టీ తాగుతున్నాను. పక్కనున్న పెద్దాయన పేపరు మడిచి, "పల్లి అనే మాట ఇంక ఉండదంటప్పా. మనూరు భాగ్యనగర అంట" అన్నాడు. 2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశంలో చేసిన నిర్ణయం అది. టీ పోసే ఆయన, "అయితే మోరీలు బాగుచేస్తారంటనా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. మా ప్రాంతంలో చాలామందిమి ఇలా పెరిగినవాళ్ళమే. నాకు కన్నడం మీద కోపం లేదు. నగరం రెండు భాషల్లోనూ నగరమే. పల్లి అన్న మాటకు సిగ్గుపడాలని మనకు ఎవరు నేర్పారన్నదే నా బాధ.

నగరాన్ని ముందు కాగితం మీద గీసి, తర్వాత నేలమీదికి దించవచ్చని గట్టిగా నమ్మింది 20వ శతాబ్దం. 1922లో లె కొర్బూసియే 30 లక్షల మందికి ఒక నగరం గీశాడు. ఆకాశాన్నంటే మేడలు, మధ్య పచ్చిక, గీత గీసినట్టు రోడ్లు. చీకటి కొంపలు, ఇరుకు సందులు పోవాలన్న ఆశ అందులో నిజంగానే ఉంది. దాన్ని నేను ఎగతాళి చెయ్యలేను. 1951 నుంచి ఆయన చేతిమీదుగా చండీగఢ్ రూపు దిద్దుకుంది. పేటలకు పేర్ల బదులు అంకెలు పెట్టారు. (13 మాత్రం వదిలేశారు. అంత కొత్త నగరానికీ పాత భయం పోలేదు!) అయితే ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ పల్లెలుండేవి. ఆ జనం లేచిపోవలసి వచ్చింది. ఆంధ్రలో అమరావతి కోసం రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2015లో శంకుస్థాపన, 2019లో పని ఆగిపోవడం, 2024 తర్వాత మళ్ళీ మొదలవడం అందరికీ తెలిసిందే.

మా జిల్లాలోనూ నగరాల గురించి ఆలోచించినాయన ఒకరు పుట్టారు. ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారు. పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. చిన్నప్పుడు మా నాయన నన్ను ఆయన ఇల్లు చూపించడానికి తీసుకుపోయాడు. అంత పెద్ద ఇంజనీరుకు మేడ ఉంటుందనుకున్నాను. చిన్న ఇల్లే. నాకు నిరాశ కలిగింది. నాయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

1591లో వెలసిన అసలు భాగ్యనగరాన్ని, అంటే హైదరాబాదును, 1908 సెప్టెంబరులో మూసీ ముంచేసింది. వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో విశ్వేశ్వరయ్యగారు వెళ్ళారు. ఆయన మేడల జోలికి పోలేదు, నీళ్ళ దారి చూశారు. ఊరికి ఎగువన రెండు జలాశయాలు, ఊళ్ళో మురుగు కాలువలు కావాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన పనులకూ మూల్యం లేకపోలేదు, కన్నంబాడి కట్ట కింద పాత ఊళ్ళు మునిగిపోయాయి. కానీ టీ అంగడాయన అడిగిన ప్రశ్ననే ఆయన నూరేళ్ళకు ముందు అడిగి, జవాబూ రాసిపెట్టారు.

అలాంటి మనిషి పుట్టిన తావులో బోర్లు ఎండిపోయి, చెరువులు బీళ్ళయ్యాయి. చివరికి బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధిచేసి, హెబ్బాళ-నాగవార పథకం కింద చిక్కబళ్ళాపురం చెరువులకు పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చెయ్యమని రైతులు అడుగుతూనే ఉన్నారు.

పోయిన ఎండాకాలం కందవార చెరువు కట్టమీద ఒక అవ్వ గొర్రెలు మేపుతూ కనిపించింది.

"ఎక్కడి నీళ్ళవ్వా ఇవి?"

"బెంగళూరోళ్ళు తానాలు చేసి ఇడిసినవి నాయనా. బాయిలో నీళ్ళు ఊరినాయి, అబద్ధం చెప్పకూడదు. తాగేకి మాత్రం క్యాను కొంటాము." గొర్రెను అదిలించి నావైపు తిరిగింది. "మీదే ఊరు?"

"బాగేపల్లి" అన్నాను.

"ఓ, మనోళ్ళేనా" అంది.