కొబ్బరితోటల కింద గ్యాస్

కోనసీమ అని సెర్చ్ చేస్తే ఏం వస్తుంది? కొబ్బరిచెట్లు, పడవ, గోదావరి. రీల్స్ అన్నీ అవే. ఈసారి వెళ్తే అమలాపురం నుంచి రాజోలు వైపు 216 నేషనల్ హైవే మీద బైక్ వేసుకెళ్లండి. తోటల మధ్యలో పైపులైన్ హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. మన దేశపు గ్యాస్ కథలో సగం అక్కడే ఉంది.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995 జనవరిలో ఇక్కడి బావి బ్లోఅవుట్ అయింది. మంట ఆర్పడానికి రెండు నెలలు దాటింది. నేనప్పటికి పుట్టలేదు. ఇంకాస్త ముందుకెళ్తే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైన్ గ్యాస్ లీకై అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు.

పక్కనే తాటిపాక, అక్కడో మినీ రిఫైనరీ. సెంటర్లో టీ తాగుతుంటే ఓ పెద్దాయన అన్నారు: "మా చేను కిందనే లైనెళ్లింది బాబూ. మా ఇంట్లో మాత్రం సిలిండరే."

ఆఫీసులో నా పని గ్రాఫులు చూడటం. కేజీ బేసిన్ గ్రాఫ్ అయితే రోలర్ కోస్టరే. సముద్రంలోని డీ6లో 2009లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లు. తర్వాత ధడేల్‌మని పడిపోయింది. బావుల్లోకి నీళ్లు, ఇసుక చేరాయి. 2020 డిసెంబరులో కొత్త బావులు మొదలయ్యాక మళ్లీ 3 కోట్ల దరిదాపుకి లేచింది. 2024 జనవరిలో పక్క బ్లాకు నుంచి చమురు కూడా వచ్చింది.

అయినా దేశం మొత్తం మీద ముడిచమురు గీత కిందికే. 2011-12లో 3.8 కోట్ల టన్నులు, 2023-24లో 3 కోట్ల లోపు. 1974లో దొరికిన ముంబై హై లాంటి క్షేత్రాలు ముసలివైపోయాయి. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా కొనుక్కుంటున్నాం. అందుకే తవ్వకాలు ఆగవు, ఆగాలని నేనూ అనను.

నేను అడిగేది ఒక్కటే. ఏ ఊరి కింద లైన్ వెళ్తోందో, దాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో ఆ ఊరి పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. ఉత్పత్తి లెక్కలు ఢిల్లీకి నెలనెలా చేరుతున్నాయి కదా, ఈ తేదీ నగరం దాకా రావడం అంత కష్టమా?