శిథిలాలలో కనిపించని మనిషి

విజ్ఞాన కల్పనా సాహిత్యానికి ఆద్యులుగా పేరొందిన వారిలో హెచ్.జి. వెల్స్ ఒకరు. ఆయన 1895లో ప్రకటించిన 'ది టైమ్ మెషీన్' అనే చిన్న నవలను ఎంతో ఆశతో చదివాను. ముగించిన పిమ్మట నాకు మిగిలినది నిరాశయే.

కథానాయకుడు కాలయంత్రమెక్కి 8,02,701వ సంవత్సరానికి చేరుకుంటాడు. అప్పటికి మహానాగరికత నశించింది. పసిబిడ్డల వలె ఆడుకునే ఎలోయ్‌లు, భూగర్భంలో బ్రతికే మోర్లాకులు శేషించారు. పాడుబడిన ప్రదర్శనశాలలో గ్రంథాలు పీలికలై వ్రేలాడుతుంటాయి. ధనికులకూ శ్రామికులకూ నడుమ పెరిగిన అగాధం తుదకు మానవజాతినే రెండుగా చీల్చగలదన్న హెచ్చరిక గొప్పదే, కాదనను. ఎలోయ్‌లు పూర్వుల మందిరాలలో తిని నిద్రిస్తారు. మోర్లాకులు అలవాటు చొప్పున యంత్రాలు త్రిప్పుతారు. కాని పాత వస్తువుకు క్రొత్త ప్రయోజనం కల్పించే చేయి వారిలో ఒక్కటీ లేదు. ప్రదర్శనశాలలోని మీటను విరిచి ఆయుధంగా చేసుకొన్నవాడు సైతం బయటినుండి వచ్చిన ఆ యాత్రికుడే!

మన నెల్లూరు చరిత్ర చెప్పే పాఠం వేరు. 1786 ప్రాంతంలో నెల్లూరు సమీపాన ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం అడ్డు తగిలింది. త్రవ్వగా చిన్న దేవాలయ శిథిలాలూ, వాటి క్రింద ఒక కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలూ బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ల నాటి ఆ నాణేలు పాత బంగారం క్రింద అమ్ముడుపోయి, అనేకం మూసలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణేలను తిరిగి సంపాదించగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో వ్రాసిన లేఖలో ఈ వృత్తాంతమున్నది. కొన్ని క్రొత్తవాని వలె మెరుస్తుండగా, మరికొన్ని అరిగి, బెజ్జాలు పడి ఉన్నాయనీ, వాటిని ఆభరణాలుగా ధరించి ఉంటారనీ ఆయన పేర్కొన్నాడు.

ఆ బెజ్జమే నన్ను ఆకర్షించింది. సముద్రాలు దాటి వచ్చిన చక్రవర్తి ముఖానికి బెజ్జం వేసి, దారం గ్రుచ్చి, మెడలో ధరించిన వారెవరో! సామ్రాజ్యం కూలింది, దాని బంగారం మాత్రం ఒక సామాన్యుని సొంత సొత్తయింది.

పూర్వపు నెల్లూరు జిల్లా తీరాన దుగ్గరాజపట్నమున్నది. ఆంగ్లేయులు 1620లలో అక్కడ వర్తకస్థానం నెలకొల్పి, 1640 ప్రాంతంలో మద్రాసుకు తరలిపోయారు. వర్తకస్థానం అంతరించింది; ఊరు నిలిచింది, జాలరుల వలలూ నిలిచాయి.

నాగరికతలు నశిస్తాయి. వాటి తరువాత బ్రతికేవారు అందరూ ఎలోయ్‌లు కారు. దున్నేవారు, కరిగించేవారు, గ్రుచ్చుకొనేవారు, కాపాడేవారు ఉంటారు. వెల్స్ కథలో నాకు కొరవడినది వారే. విద్యార్థి మిత్రులారా! తెలుగులోనైనా, ఉర్దూలోనైనా మీలో ఎవరైనా రేపటి శిథిలనగరాన్ని గూర్చి కథ వ్రాయదలచినచో, అందులో ఒక నాగలిని తప్పక ఉంచండి.