కోనసీమలో పాతసావిడి

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమకు రావులపాలెము వాకిలి వంటిది. అచ్చటినుండి కొత్తపేట మీదుగా అమలాపురము పోవు త్రోవలో కాలువలును కొబ్బరితోటలును కన్నుల కెడబాయవు. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువలు సాగినవి. పంట పెరిగినకొలది దానిని దాచు సావిళ్లును పెరిగినవి. ఇప్పుడు ధాన్యము కళ్లమునుండియే మిల్లునకు పోవుచున్నది. ఎడ్ల పని ట్రాక్టరు చేయుచున్నది. కావున ఏ యూర చూచినను ఒరిగిన సావిడి యొకటి కనబడును.

మా అత్తవారి సావిడియు అట్టిదే. ఒకప్రక్క పశువుల గాడి, ఒకప్రక్క గాదె, పైన కొబ్బరికాయల అటక. కురిడీ కావలెనన్న కాయను ఏడాదికి దగ్గరగా అటకపై నుంచవలెను గదా! ఆ బరువంతయు మోసిన దూలములు 1996 నవంబరు 6వ తేదీ తుపానునకు పెంకు లెగిరిపోయినను చలింపలేదు. కాని మట్టిగోడ బడిపిల్లలు నడచు సందువైపు వంగినది. ఇక నుంచరాదని ఈ వేసవిలో దానిని విప్పించుటకై పోయితిమి.

మొదట వచ్చిన గుత్తదారు "యంత్రముతో ఒక్కపూటలో నేలమట్టము చేసెదను. మీకు పైసా ఖర్చులేదు; కలప మాత్రము నాది" అనెను. మా వారు సంతోషించిరి. బడిలో లెక్కలు చెప్పువారికి ఇంటిలెక్క తెలియవలెనన్న నియమము లేదు. అత్తగారును మేమును లోపలికి పోయి ఒక్కొక్క దూలమును సుత్తితో తట్టి చూచితిమి. చేవగల కలప కంగుమనును. చెదలు తిన్నది డొల్లగా పలుకును. తొమ్మిది టేకుదూలములలో ఏడు కంగుమన్నవి. ఉచితముగా చేసెదనన్న పనికి అతడు కోరిన కూలి ఆ యేడు దూలములు!

పిమ్మట చేతిపనితో ఇండ్లు విప్పు ముసలి మేస్త్రీ నొకని పిలిపించి షరతులు కాగితముపై వ్రాయించితిమి. దూలములు, ద్వారబంధములు, నిండు పెంకులు మావి. మట్టియు ముక్కలును తోలించుట అతని పని. కూలిలో మూడవవంతు ముందు, తక్కినది స్థలము శుభ్రమైన పిమ్మట. విద్యుత్తు తీగను ఆ శాఖవారు తొలగించువరకు ఎవ్వరును పైకెక్కరాదు. గోడ దింపునంతకాలము సందునకు తాడు కట్టి మనిషిని కావలి యుంచవలెను. ఈ కడపటి షరతునకై అతడడిగిన హెచ్చు కూలి ఇచ్చితిమి. అందు బేరమాడ మనసొప్పలేదు.

మేస్త్రీ పని చూడ ముచ్చటగా నుండెను. పెంకులను నడికప్పునుండి రెండువాలులను సమముగా దింపించెను. ఒక వాలే ముందు విప్పినచో బరువంతయు రెండవవైపునకే పడి గోడను త్రోయునట. తరువాత బద్దెలు, వాసములు తీసిరి. దూలములను మోకులతో దింపిరి. గోడను పైనుండి వరుసవరుసగా లోపలికే రాల్చిరి. అడుగున త్రవ్వి పడద్రోయుట ప్రాణాంతకము. వెనుక వసారాకు ఆస్బెస్టాసు రేకులుండెను. సోదరీమణులు గమనింపవలెను: వానిని పగులగొట్టరాదు. తడిపి, పనివారిచే ముసుగులు పెట్టించి, నిండురేకులుగానే దింపించితిమి. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఎన్నో యేండ్లకుగాని బయటపడని రోగము కలిగించును.

ఆరు దినములు పట్టినది. గాదె క్రింద అత్తగారి అత్తగారినాటి ఇత్తడి కుంచము దొరకినది. దానిని ఆమె మరియొకరిచే కడుగనీయలేదు. ఐదు దూలములు అమ్మగా కూలి తీరి కొంత మిగిలినది. తక్కిన రెంటితో బడికి బల్లలు చేయింపవలెనని మా వారును, రాబోవు కొత్తయింటి ద్వారబంధమునకు దాచవలెనని అత్తగారును ఇంకను వాదులాడుచునే యున్నారు.