అబ్బా లెక్కలో అలీ ఓడలేదు



మా అబ్బాకి మొహమ్మద్ అలీ అంటే ఇష్క్. నర్సీపట్నంలో మా ఇంటి అరుగు మీద అసర్ తర్వాత చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు 1976 సెప్టెంబర్ 28 నాటి పోటీ ఎత్తేవారు. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కెన్ నార్టన్‌తో అలీ మూడో పోరు. "అలీని జడ్జీలే గెలిపించారంట కదా" అనగానే అబ్బాకి గుస్సా. "ఝూట్! మనోడు గనక అలా అంటారు." ఇంతికాల్ అయ్యేదాకా ఆయనది అదే మాట. నేనూ దాన్ని వసీయత్‌లా దాచుకున్నాను.

2019 డిసెంబర్ 28న ఢిల్లీలో 51 కిలోల ఒలింపిక్ క్వాలిఫయర్ ట్రయల్ జరిగింది. మేరీ కోమ్‌తో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్. ట్రయల్ పెట్టమని క్రీడామంత్రికి ఖత్ రాసి మరీ అడిగిన పిల్ల. తీర్పు 9-1తో మేరీ కోమ్‌కి వెళ్ళింది. తెలంగాణ బాక్సింగ్ వాళ్ళు అక్కడే హంగామా చేశారు. ఇక్కడ మా ఇంట్లో నా బేటీ కూడా "నాఇన్సాఫీ!" అని అరిచింది.

"బౌట్ చూశావా?"

"లేదు. నిఖత్ మనమ్మాయి కదా అబ్బా."

"ఫోన్‌లో వెతికి, సౌండ్ ఆపి చూడు. జడ్జి మొత్తం పోటీకి ఒకేసారి మార్కు వెయ్యడు, ఏ రౌండుకి ఆ రౌండే. నువ్వూ అలాగే వేసుకో" అన్నాను.

"మరి దాదా అలీ బౌట్ నువ్వలా చూశావా?"

నా దగ్గర జవాబ్ లేదు.

ఆ రాత్రి ఇషా తర్వాత డైరీ తెరిచి కూర్చున్నాను. 15 రౌండ్లు. నాడు ఇద్దరు జడ్జీలు 8-7, రిఫరీ 8-6 (ఒకటి సమానం) అలీకి ఇచ్చారు. నువ్వే ముందున్నావని సొంత మనుషులు చెబితే నార్టన్ చివరి రౌండు జాగ్రత్తగా ఆడాడు. ఆ రౌండు ముగ్గురూ అలీకే వేశారు. అది నేనూ అలీకే వేశాను. అయినా కూడితే నా డైరీలో నార్టన్‌కి ఒకటి ఎక్కువ. మళ్ళీ కూడాను. మారలేదు.

అబ్బాకి గద్దారీ చేసినట్టనిపించింది. కానీ అమ్మానాన్నలకి ఎదురైనా సరే ఇన్సాఫ్ మీద నిలబడమని సూరా నిసాలో నాకు చదివించింది ఆయనే.

ఫజర్ తర్వాత బేటీకి చెప్పేశాను. అది కాసేపు ఊరుకుని, "నాకూ మేరీ కోమే గెలిచినట్టుంది అబ్బా" అంది.

నిఖత్ హక్ పోటీ అడగడం. అడిగింది, దక్కించుకుంది. గెలుపు హక్ కాదు, కమాయించుకోవాలి. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ టైటిల్ 5-0తో కమాయించింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ జడ్జీల ఊసెత్తలేదు.

అలీ మీద నా ముహబ్బత్ తగ్గలేదు. అబ్బా మీద అసలే తగ్గలేదు. అల్లాహ్ ఆయన్ని మగ్ఫిరత్ చేయుగాక. ఆమీన్.