లెక్కకు అందని అర్ధరూపాయి

గుంటూరులో ఒక విశ్రాంత పోస్టుమాస్టరు ప్రతి ఉదయమూ తొమ్మిదింబావుకు వాకిట్లో కుర్చీ వేసుకుని ఫోను తెరిచేవారు. పదవీ విరమణ నాడు చేతికందిన సొమ్ములో కొంత షేర్లలో పెట్టి, ఉదయం కొన్నవి సాయంత్రంలోగా అమ్మడం ఆయన పద్ధతి. ఎంపికలో ఓడిన రోజులకన్నా నెగ్గిన రోజులే ఎక్కువ. అయినా ఏడాది తిరిగేసరికి అసలులో 30,000 రూపాయలు తరిగాయి.

దోషం బ్రోకరుదని తలచి ఆయన లెక్కల పుస్తకం తీశారు. రూ. 500 ధరగల వంద షేర్లు కొని అమ్మితే, విలువపై వందకు పది పైసలు తీసుకునే తన బ్రోకరుకు దక్కేది రూ. 100. ఆర్డరుకు రూ. 20 చొప్పున తీసుకునే మరో సంస్థకైతే రూ. 40 చాలు. దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 7.20, అమ్మకంపై లావాదేవీ పన్ను సుమారు రూ. 12.50. చిల్లర రుసుములు వేరు.

అయితే అసలైన ఖర్చొకటి ఏ రసీదులోనూ కనిపించదు. అమ్మేవారు 500 అడుగుతుంటే కొనేవారు 499.50 ఇస్తామంటారు. దొరికిన ధరకు కొని, వెంటనే దొరికిన ధరకు అమ్మితే వంద షేర్లపై రూ. 50 పోయినట్టే. 500కు నలభై షేర్లే ఉంటే తక్కినవి ఇంకా పై ధరకు పడతాయి. బ్రోకరును మార్చినంతమాత్రాన ఇది తప్పదు. ఆర్డర్లను జతపరిచేది ఎక్స్ఛేంజి కంప్యూటరు. మేలైన ధరకు, ధర సమానమైతే ముందు వచ్చినవారికి ప్రాధాన్యం. బ్రోకరు చేయగలిగింది ఆర్డరును ఆలస్యం లేకుండా చేరవేయడమే. తన ధర తానే నిర్ణయించి లిమిట్ ఆర్డరు పెట్టవచ్చు. కాని అది నెరవేరుతుందన్న హామీ లేదు.

రెండు వందల రోజుల వ్యాపారానికి పాత బ్రోకరు వద్ద అయిన ఖర్చు దాదాపు రూ. 36,000; చవక సంస్థలోనైనా రూ. 22,000. అంటే బ్రోకరును మార్చి ఉన్నా రూ. 16,000 నష్టం మిగిలేదే.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. 2022–23లో షేర్లలో ఏ రోజుకారోజు కొని అమ్మిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ 2024లో వెల్లడించింది.

లెక్కంతా విన్న భార్య ఒకే మాట అడిగింది: “బస్సు చార్జీ తగ్గిందని రోజూ ఊరికి పోతామాండీ?”

ఆయన నవ్వలేదు. మరునాడు తొమ్మిదింబావుకు కుర్చీ వాకిట్లోనే ఉంది. ఫోను మాత్రం లోపలే ఉండిపోయింది.