అడగని ఒప్పందం

మాది ఒంటిమిట్ట. చేసుకున్న ఒప్పందానికి రాజ్యాలు కట్టుబడి తీరాలన్న సూత్రం అంతర్జాతీయ న్యాయం పాఠంలో వినగానే నా మనసు మా కడప సీమకే పోయింది. 1792, 1799లలో మైసూరు నుంచి తనకు దక్కిన ఈ నేలను నిజాం, తనకు కాపలా కాసే కంపెనీ సైన్యం ఖర్చుకింద 1800 అక్టోబరు 12న ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. రైతునెవరడిగారు? శిస్తు కట్టే చెయ్యి అదే. పుచ్చుకునే చెయ్యి మారిందంతే.

సమ్మతించని మూడో రాజ్యంమీద ఏ ఒప్పందమూ భారం మోపరాదంటుంది 1969 నాటి వియన్నా ఒడంబడిక. బాగుంది. మరి రాజ్యం కాని రైతు మాటేమిటి? అది రాజ్యాల మధ్య మాట; అందులో అతనికి చోటు లేదు.

అయినా 1928లో నంద్యాల సభలో మనవాళ్లు ‘దత్తమండలం’ పేరు వదిలి ‘రాయలసీమ’ అన్నారు. సంతకాన్ని చెరపలేకపోయినా, అది అంటగట్టిన పేరును చెరిపేశారు. మిత్రులారా, మనల్ని అడగని ఒప్పందానికి మనమిచ్చిన జవాబు అదే!